కోనసీమలో కారు బేరం

కోనసీమ వెళ్లే పెద్దమనుషులు సాధారణంగా మూడు పనుల మీద వెళుతూంటారు. సంక్రాంతికి అల్లుళ్లుగా వెళ్లేవారు కొందరు. అంతర్వేదికో, అయినవిల్లికో మొక్కు చెల్లించుకోను వెళ్లేవారు మరికొందరు. కొబ్బరిచెట్ల నీడన పడవలో కూర్చుని ఫొటోలు తీయించుకోను దిండి వెళ్లే పట్నవాసులు ఈ మధ్య ఎక్కువయ్యారు. వీటిలో దేనికీ చెందకుండా, ఒక పాతకారు కొనిపెట్టడం కోసం నేను 2025 కార్తీకమాసంలో కోనసీమ వెళ్లాను. కార్లకు హైదరాబాదు కంటె అమలాపురం గొప్ప ఊరా అని అడగకండి. కొనేది మా బావగారు. ఆయన గోదావరి దాటి సరుకు కొనరు.

పటం తీసి చూడండి, కోనసీమ ఒక దీవి. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణాన సముద్రం. నడుమ వైనతేయ అనే పాయ ఒకటి చీల్చుకుపోతుంది. దానికి ఇవతల అమలాపురం, అవతల రాజోలు. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక కాలవలు వచ్చాయి. కాలవ వచ్చినచోటల్లా గట్టు, గట్టు వచ్చినచోటల్లా బాట. రైలు మాత్రం ఈనాటికీ రాలేదు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా వేయదలచిన లైను కోసం గోదావరిలో స్తంభాలు లేచాయి గాని, వాటిమీద కొంగలు వాలుతున్నాయి తప్ప బండి నడవలేదు. 2002లో ఎదుర్లంక-యానాం వంతెన తయారయ్యేదాకా అమలాపురం వాళ్లు కాకినాడ వెళ్లాలంటే పంటు ఎక్కాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. ఇటువంటి చోట కారు సోకా, అవసరమా అన్నది మా అక్కయ్యకూ బావగారికీ శ్రావణం నుంచి నడుస్తున్న తగవు.

రాజమండ్రిలో బస్సెక్కి గౌతమి దాటగానే రావులపాలెం. అరటిగెలల వాసన బస్సులోకి కొట్టింది. కార్తీకమాసం గదా, ఆంధ్రదేశంలో దీపం పెట్టే ప్రతి ఇల్లాలికీ అరటిపండు కావాలి. ఆ గెలల్లో చాలా వాటికి ఈదరగాలి దెబ్బ కనిపించింది. అంతకు వారం ముందే, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మందపల్లి దాటి కొత్తపేట చేరేదాకా దారి పొడుగునా పడుకున్న వరిచేలు, నడుము విరిగిన అరటితోటలు. అయినా కాలవ రేవుల్లో ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదులుతూనే వున్నారు. అట్లతద్దికి పిల్లలు కట్టుకున్న ఉయ్యాల తాడు ఒకటి చింతకొమ్మకు ఇంకా వేలాడుతోంది. శరదృతువులో కోనసీమ ఒక కంట నవ్వుతుంది, రెండో కంట ఆకాశం వైపు చూస్తూ వుంటుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన వాళ్లెవరూ ఈ రోజుల్లో నిశ్చింతగా నిద్రపోరు. ఆ రాత్రి పడిపోయిన కొబ్బరిచెట్ల స్థానంలో మళ్లీ మొక్క పెట్టి, కాపు చూడటానికి ఏళ్లు పట్టింది వాళ్లకు.

మా అక్కయ్య ఊరు కొత్తపేటకూ అమలాపురానికీ నడుమ, కాలవగట్టు మీద. కాళ్లు కడుక్కుంటూండగానే తగవు నా ముందుకు వచ్చింది.

"మొన్న ఆగస్టు పదిహేను నుంచీ ఆడవాళ్లకు బస్సు టిక్కెట్టే లేదు గదరా! ఉచితంగా తిప్పుతూంటే లక్షలు పోసి కారెందుకు? మీ బావగారికి పెట్రోలు తాగించడానికా?" అన్నది అక్కయ్య.

"అర్ధరాత్రి బస్సెక్కించు మీ అత్తగారిని" అన్నారు బావగారు పేపరు మడుస్తూ.

అసలు సంగతి అదీ. బావగారి తల్లికి ఎనభై రెండేళ్లు. శ్రావణంలో ఒకనాటి రాత్రి పదకొండింటికి గుండెలో నొప్పి అన్నది. ఊళ్లో వున్న ఒకే ఒక్క టాక్సీ పెళ్లివారిని తీసుకుని అన్నవరం వెళ్లింది. పక్క ఊరి నుంచి కారు రావడానికి గంటంబావు పట్టింది. ఆవిడ గట్టిమనిషి గనక దక్కింది. అప్పటినుంచీ నెలకొకసారి కాకినాడ తీసుకువెళ్లి చూపించాలి. రెండు బస్సులు మారి, నిలబడి వెళ్లే వయసు కాదు. ఆవిడ మాత్రం వీధి అరుగు మీద వత్తులు చేసుకుంటూ, "నాకోసం తోట సొమ్ము తగలెయ్యకండర్రా" అంటూనే వుంది.

తోట సొమ్మంటే రెండెకరాల కొబ్బరి. రెండు నెలలకొక దింపు. బావగారు ప్రతి ఖర్చునూ వెయ్యి కాయల లెక్కన కొలుస్తారు. పిల్లవాడి చదువు ఇన్ని వేల కాయలు, మనవరాలి బారసాల ఇన్ని వేల కాయలు. అట్లా కూడబెట్టినదీ, రిటైరయినప్పుడు వచ్చినదానిలో మిగిలినదీ కలిపి మూడు లక్షల పాతికవేలు బ్యాంకులో వుంది. అంతకు మించి పైసా లేదు. అప్పు చేసి పప్పుకూడు తినే వంశం కాదు మాది అన్నారాయన. కాబట్టి ఈ బేరం తప్పితే తోట ఇంకో రెండేళ్లు కాయాలి. ఎనభై రెండేళ్ల మనిషికి రెండేళ్లు తక్కువ మాట కాదు.

మర్నాడు అమలాపురం వెళ్లాం. దసరా సందడి ముగిసి నెల దాటినా ఊరు ఇంకా ఆ కబుర్లే చెప్పుకుంటోంది. ఇక్కడి దసరా ఊరేగింపుల్లో వీధివీధికీ ఒక వాహనం. కర్రసాము, కత్తిసాము చేసే చెడీ తాలింఖానా కుర్రాళ్లు. కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి మీద పెట్టిన కొబ్బరికాయను కత్తితో నరుకుతారు. కారు కొనేవాడు కూడా కళ్లకు గంతలు కట్టుకుని కత్తి దూస్తున్నాడేమో అని నాకు తోచింది గాని, పైకి అనలేదు.

ముందు కొత్తకార్ల షాపులోకి వెళ్లాం, చూడటానికి డబ్బు అడగరు గనక. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. సరిగ్గా దేవీనవరాత్రులు మొదలైన రోజది. దానితో దసరాకూ దీపావళికీ కొన్నవాళ్లు కొన్నారు. మాకు మాత్రం అన్నిటికంటె చవకైన కొత్తకారు కూడా పన్నులూ ఇన్సూరెన్సూ కలిపి రోడ్డెక్కేసరికి నాలుగు లక్షల పైమాటే. బావగారు చల్లటి నీళ్లు తాగి బయటికి వచ్చేశారు. అయితే అక్కడికి వెళ్లడం వృథా పోలేదు. కొత్తకారు ధర దిగితే పాతకారు ధర కూడా దిగాలి. ఆగస్టునాటి ధర చెప్పే పాతకార్ల వర్తకుడితో ఈ ఒక్క మాట అని చూడండి, స్వరం మారుతుంది.

మా రెండో పని మేస్త్రిని కుదుర్చుకోవడం. కాలవ పక్కన రేకుల షెడ్డు, ముందు ఒక పాత అంబాసిడరు. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయినా ఇది మాత్రం ఆగలేదు. మేస్త్రికి యాభై ఏళ్లుంటాయి. మనిషి అరపేజీలో చెప్పవలసింది "ఆయ్" అన్న ఒక్క అక్షరంలో చెబుతాడు. కారు చూసిపెట్టడానికి వెయ్యి రూపాయలన్నాడు. కొంటే కమీషను పుచ్చుకోనన్నాడు. ఇది మంచి పద్ధతి. అమ్మినవాడి దగ్గర కమీషను తినే మేస్త్రికి ప్రతి కారూ ఏనుగులాగే కనిపిస్తుంది.

"ఎలాంటి బండండీ కావాల్సింది?" అన్నాడు.

బావగారు ఏదో ఎత్తయిన పెద్దబండి పేరు చెప్పారు.

"మీ ఊరి కాలవగట్టు మీద ఎదురుగా కొబ్బరి లారీ వచ్చిందనుకోండి, ఆ బండితో మీరెటెళతారండీ? కాలవలోకా?"

అప్పటితో పెద్దబండి సంగతి సమాప్తి. కోనసీమకు కావలసింది పొట్టిగా, ఇరుకుగా, తలుపు ఎత్తుగా వుండే బండి. ముసలివాళ్లు కూర్చోడానికి వంగనక్కరలేదు, లేవడానికి ఎవరి చెయ్యీ పట్టుకోనక్కరలేదు. పెట్రోలు బండి చాలు. నెలకు రెండు మూడుసార్లు కాకినాడ వెళ్లేవాళ్లకు డీజిలు లాభం రాదు. ఈ మాటలు ఏ షాపులోనూ మాకెవరూ చెప్పలేదు.

ఊరి బయట రోడ్డు పక్కన, కొబ్బరిచెట్ల కింద, పదిహేను పాతకార్లు వరసగా నిలబెట్టిన చోటికి తీసుకువెళ్లారెవరో. వాటిలో ఒక తెల్లకారు పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. మూడేళ్ల బండి. రెండు లక్షల తొంభై వేలన్నాడు వర్తకుడు. బావగారి ముఖం వికసించింది. కొత్తదానిలా వుందన్నారు. లోపల మల్లెపూల సెంటు గుప్పుమంటోంది.

మేస్త్రి ఇంజను మూత ఎత్తనేలేదు. ముందు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. రోజూ మనం లాగే భాగం శుభ్రంగానే వుంది. చివరి జానెడులో మాత్రం మట్టిచార ఒకటి అడ్డంగా. తరవాత కాలికింది తివాచీ మూల లేపి చెయ్యి పెట్టాడు. సీటు జరిగే ఇనపపట్టాల మీద తుప్పు. వెనక స్టెపినీ టైరు తీస్తే గుంటలో సన్నటి ఒండ్రు. హెడ్‌లైటు లోపలి వైపు పొగమంచులా చెమ్మ. వైర్లు కలిసే చోట ఆకుపచ్చ చిలుము. చేతులు తుడుచుకుని అన్నాడు: "గోదారి నీళ్లో, బుడమేరు నీళ్లో నాకు తెలీదండి. నీళ్లు మాత్రం పీకదాకా తాగిందండి."

చదువరులకు గుర్తుండే వుంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఇళ్లతోపాటు కార్లూ నానాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు మన లంకగ్రామాల గతీ అంతే. నీళ్లలో మునిగిన కారు ఎండబెట్టి కడిగితే ఆర్నెల్లు బాగానే నడుస్తుంది. తరవాత తీగల్లో చిలుము పని మొదలుపెడుతుంది. ఒకనాడు దీపాలు వెలగవు, ఒకనాడు దారిమధ్యలో ఇంజను ఆగుతుంది, ప్రమాదంలో విచ్చుకోవలసిన గాలిసంచి విచ్చుకోకపోవచ్చు. అర్ధరాత్రి గుండెనొప్పి మనిషిని ఎక్కించుకుని బయలుదేరే బండికి ఇంతకంటె పెద్ద లోపం ఏం కావాలి?

నంబరు చూసి ఊరు పోల్చుకుందామంటే ఇప్పుడు కుదరదు. పూర్వం ఏపీ 5 అంటే తూర్పుగోదావరి, ఏపీ 16 అంటే కృష్ణా అని పసిపిల్లలు కూడా చెప్పేవారు. 2019 నుంచి రాష్ట్రం మొత్తానికీ ఏపీ 39 అని ఒకే వరస పెట్టాక ఆ ఆనవాలు పోయింది. రిజిస్ట్రేషను కార్డు అడిగి, ఏ కార్యాలయంలో నమోదయిందో చదవాలి. పరివాహన్ వారి ఫోను యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషను తేదీ, ఇన్సూరెన్సు గడువు మొదలైనవి కనిపిస్తాయి. కంపెనీ వర్కుషాపులో ఛాసిస్ నంబరు చెబితే ఎప్పుడెప్పుడు ఏ మరమ్మతు జరిగిందో తెలుస్తుంది. మేము అడిగితే ఆ కార్డు "ఇంట్లో వుంది" అన్నాడు వర్తకుడు.

"కార్తీకమాసం అండి, సోమవారం ఉపవాసం వున్నవాణ్ణి, అబద్ధమాడతానా?" అన్నాడు కూడా.

"ఆడరు లెండి. బండే నిజం చెప్పేసింది" అని మేస్త్రి బయలుదేరాడు. బావగారు మాత్రం పది అడుగులకొకసారి వెనక్కి తిరిగి ఆ తెల్లకారును చూస్తూనే వచ్చారు.

తిరుగు దారిలో అంబాజీపేటలో దిగాం. దింపు డబ్బు కొంత అక్కడి వర్తకుడి దగ్గర రావలసి వుంది. కొబ్బరికి అంబాజీపేట మార్కెట్టు పేరెత్తని వాడు ఈ రాష్ట్రంలో లేడు. కొట్టు ముందు గుట్టలుగా కాయలు. ఒలుపు కూలీ నేలలో పాతిన గునపం మీద కాయను నొక్కి, మూడు తిప్పుల్లో డొక్క ఒలిచి పారేస్తున్నాడు. వర్తకుడి గుమాస్తా ఒక్కొక్క కాయా చెవి దగ్గర ఆడించి, గోటితో మీటి, ఇది బొంబాయికి, ఇది గుడికి, ఇది నూనెకు అని విడదీస్తున్నాడు. సీటు బెల్టు లాగిన మేస్త్రి చెయ్యీ ఈ గుమాస్తా చెయ్యీ ఒకే బళ్లో చదువుకున్నాయనిపించింది.

ఆ వర్తకుడే దారి చూపించాడు. రాజోలు దగ్గర రిటైరయిన పోస్టుమాష్టరుగారొకరు, ఏళ్ల తరబడి తనకు కాయలు వేసే మనిషి, ఇల్లు తాళం పెట్టి బెంగుళూరులో కూతురి దగ్గరకు వెళ్లిపోతున్నారట. కారు అమ్మాలట. బోర్డూ లేదు, ప్రకటనా లేదు. చిన్న ఊళ్లలో మంచి పాతకార్లు చాలా భాగం రోడ్డు పక్కకు రాకుండానే చేతులు మారతాయి; కొబ్బరి కొట్లో, మందుల షాపులో, పుస్తకాలు కుట్టేవాడి దగ్గర అడిగినవాడికే తెలుస్తాయి.

మర్నాడు ముగ్గురం బయలుదేరాం. బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటితే పాశర్లపూడి. 1995 జనవరిలో ఇక్కడ గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఇప్పుడు ఆ దారినే పిల్లలు సైకిళ్లమీద బడికి వెళుతున్నారు. తాటిపాక దాటి రాజోలు చేరేసరికి పదయింది.

పోస్టుమాష్టరుగారిది పెంకుటిల్లు. కారు పశువుల పాకలో, కొబ్బరాకు దడి వెనకాల వుంది. 2016లో కొన్న వేగనార్, పెట్రోలు బండి, అరవై ఒక్క వేల కిలోమీటర్లు తిరిగింది. రంగు వెలిసింది. నిన్నటి పెళ్లికొడుకు ముందు ఇది పురోహితుడిలా వుంది. బావగారు ఊ అనలేదు, ఆ అనలేదు.

మేస్త్రి మొదట బండి నెత్తిమీద చెయ్యి పెట్టి తడిమాడు. నాకర్థం కాలేదు.

"కాయ పడిందేమోనండి. ఇక్కడ ముప్పావు వంతు సొట్టలు అవేనండి" అన్నాడు.

సొట్ట లేదు, పాకలో పెట్టిన పుణ్యం. బెల్టు చివరిదాకా శుభ్రం. స్టెపినీ గుంటలో దుమ్ము తప్ప ఒండ్రు లేదు. అయితే సముద్రపు గాలి తన పని చేసింది. తలుపుల కింది అంచున తుప్పు, సైలెన్సరు కొన దాదాపు పోయింది. టైర్లు రెండు మార్చాలి. అన్నిటికీ కలిపి ఇరవై రెండు వేలవుతుందని లెక్క కట్టాడు. పోస్టుమాష్టరుగారు ఒక ఫైలు తెచ్చారు. తొమ్మిదేళ్ల సర్వీసు బిల్లులు తేదీల వారీగా గుచ్చి వున్నాయి. మా బావగారి కళ్లలో మొదటిసారి వెలుగు కనిపించింది అప్పుడే. మేష్టరుగదా, చక్కగా రాసిన నోటుబుక్కు చూస్తే ఆయన మనసు కరుగుతుంది.

మూడు లక్షల ఇరవై అయిదు అన్నారు పోస్టుమాష్టరుగారు. బేరం కాఫీల మీద, ఆత్రేయపురం పూతరేకుల మీద గంటన్నర నడిచింది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పదార్థమది. నోట్లో పెట్టుకున్నాక కరిగేదాకా ఎవరూ మాట్లాడలేరు గనక, బేరంలో ఇచ్చేవాడికే లాభం. మేము తుప్పు అన్నాం, టైర్లు అన్నాం, రిజిస్ట్రేషను పదిహేనేళ్లే గనక 2031 దాకానే గడువన్నాం, కొత్తకార్ల పన్ను తగ్గిందన్నాం. చివరకు రెండు లక్షల ఎనభై వేలకు దిగింది. బావగారు చెక్కుబుక్కు తీశారు.

ఆ సమయంలో కార్డు నా చేతిలో వుంది. వెనకవైపు ఒక బ్యాంకు పేరు కనిపించింది. అప్పు 2019లోనే తీర్చేశానన్నారు పోస్టుమాష్టరుగారు. నిజమే, రసీదులున్నాయి. కాని కార్డు మీద తాకట్టు అట్లాగే వుంది. బ్యాంకు తన ఉత్తరం, ఫారం 35 మీద సంతకం ఇస్తేనే ఆ పేరు పోతుంది. అది పోకుండా బండి బావగారి పేర మారదు.

"అంత పెద్దమనిషిని అనుమానించడం బాగుంటుందటోయ్?" అని బావగారు నన్ను పక్కకు పిలిచి గొణిగారు.

"అనుమానం ఆయన మీద కాదు బావగారూ, కార్డు మీద" అన్నాను. ఆయన కూతురి దగ్గరకు వెళ్లిపోయాక, ఆ బ్యాంకు గుమ్మం ఎక్కి సంతకం తెచ్చేదెవరు? బండి మన దగ్గర, పేరు ఆయనది, తాకట్టు బ్యాంకుది. ఈలోగా దారిలో ఎవరికైనా తగిలితే? 2018లో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని, నష్టపరిహారం వారి మెడకే. అమ్మేవారికి కూడా ఇది ప్రాణసంకటమే. ఇది చెప్పగానే పోస్టుమాష్టరుగారు బావగారి కంటె ముందు ఒప్పుకున్నారు. పదివేలు అడ్వాన్సు, తెల్లకాగితం మీద ఇద్దరి సంతకాలు, మిగతాది బ్యాంకు ఉత్తరం వచ్చాక.

ఉత్తరం రావడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ బావగారు నాతో ముక్తసరిగానే మాట్లాడారు. పౌర్ణమి వెళ్లిపోయింది, తెల్లకారు ఎవరో కొనుక్కుపోయారని కబురు వచ్చింది. ఆ కొన్నవారెవరో అని ఇప్పటికీ నాకు దిగులే. ఏడోనాడు డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపి, ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ముద్ర, పాత చలానాలేవీ బాకీ లేవన్న సంగతి, అన్నీ ఒక్కపూటలో ముగించారు. అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్ఫై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలని చట్టం. ఇన్సూరెన్సు పేరు మార్పుకూ పద్నాలుగు రోజులే. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు. కారు తెచ్చిన ఆనందంలో ఇన్సూరెన్సు పాతవారి పేరనే పడివుంటుంది.

బండి తెచ్చుకోను వెళ్లినప్పుడు గన్నవరం మీదుగా వచ్చాం. అక్కడ కాలవ నదిని దాటుతుంది. పాత ఆక్విడక్టుకు 49 కమానులు, దొరలనాటిది. పక్కనే 2000 సంవత్సరంలో వచ్చిన కొత్తది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1909లో కన్నుమూసిన ఆ ఇల్లాలు, గోదావరి దాటలేక చిక్కుపడ్డ బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి. అవతలి గట్టుకు చేరే సాధనం లేని కాలంలో కోనసీమ ఎట్లా బతికిందో ఆ పేరే చెబుతుంది.

మొదటి ప్రయాణం కాకినాడ ఆస్పత్రికి. ఎదుర్లంక వంతెన మీద అత్తయ్యగారు అద్దం దింపమని, రూపాయి బిళ్ల గోదావరిలో వేసి దణ్ణం పెట్టుకుంది. "ఇక్కడ పంటు కోసం ఒక పూటంతా ఎండలో కూర్చున్నాం మీ మావయ్యా నేనూనూ" అన్నది. డాక్టరు మందు మార్చాడు. సాయంత్రం నాలుగింటికల్లా ఇంట్లో వున్నాం.

ఆఖరు కార్తీక సోమవారం నాడు పలివెల ఉమాకొప్పేశ్వరస్వామి దర్శనం, తరవాత కొత్తపేటవైపు ఒక తోటలో ఉసిరిచెట్టు కింద భోజనాలు. కారులో బావగారు, అత్తయ్యగారు, నేను, ఇద్దరు పిల్లలు, పులిహోర గిన్నె సర్దుకున్నాం. అక్కయ్యకు ఎంత సర్దుకున్నా చోటు చాలలేదు. ఆవిడ ఏమాత్రం కష్టపెట్టుకోకుండా పెరుగు క్యారియరు పట్టుకుని రోడ్డు మీదకు వెళ్లి బస్సెక్కింది. మేము గుడి దగ్గర కారు పెట్టుకోను చోటు వెతుక్కుంటూండగా, అప్పటికే దర్శనం చేసుకుని బయటికి వస్తూ కనిపించింది.